రాకెట్‌కి మూడెకరాల 67 సెంట్లు

శ్రీహరికోట గ్యాలరీ మెట్ల మీద కూర్చుని రాకెట్ చూసి, తిరిగొస్తూ నాయుడుపేట దగ్గర టీకి ఆగాం. అందరం ఇంకా ఆ చప్పుడు గురించే మాట్లాడుకుంటున్నాం. వెలుగు ముందొచ్చింది, కాసేపటికి చప్పుడొచ్చి గుండెల మీద కొట్టినట్టయింది కదా అని. పదకొండేళ్ల మా పాప మాత్రం బిస్కెట్ టీలో ముంచి, అది విరిగి గ్లాసులో పడిపోయేదాకా ఆలోచించి అడిగింది. "నాన్నా, వాళ్లకంటే శ్రీహరికోట ఉంది. మనం చిన్న రాకెట్ చేస్తే ఎక్కడ వదలాలి?"

"ఎక్కడైనా వదలచ్చులేమ్మా, ఖాళీ స్థలాలకేం తక్కువ" అన్నాను. ఆ ఒక్క మాటకి నాలుగు నెలల ఆదివారాలు ఖర్చయ్యాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తిట్టాలనుకున్నవాళ్లు ఆ తరవాత తిట్టుకోవచ్చు. నెల్లూరు జిల్లాలో పిల్లలతో మోడల్ రాకెట్ వదిలేంత నేల ఉంది. వద్దని చెప్పడానికి ఆఫీసులూ బోలెడున్నాయి. సరే అని సంతకం పెట్టడం మాత్రం వాటిలో ఏ ఒక్కరి పనీ కాదు. సంతకం దొరకలేదు కదా అని చాటుగా వదిలేసి రావడం తప్పు. ఆ సంతకం పెట్టే మనిషి ఒకరుండాలని అడగడంలో తప్పేమీ లేదు.

సెంట్లలో లెక్క

కొలత దగ్గర్నుంచి మొదలుపెట్టాను. అమెరికాలో ఈ సరదా 1957 నుంచీ ఉంది కాబట్టి రూల్స్ అన్నీ వాళ్ల దగ్గర రాసి పెట్టి ఉన్నాయి. అక్కడి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల్లో మైదానం కొలతల పట్టిక ఒకటుంది. మోటార్లకి, అంటే రాకెట్‌ని పైకి లేపే పేలుడు మందు కూరిన గొట్టాలకి, ఏ, బీ, సీ అని అక్షరాలు. అక్షరం మారినప్పుడల్లా బలం రెట్టింపు. ఏ మోటారుకి మైదానం పొట్టి వైపు 100 అడుగులుండాలి, బీ మోటారుకి 200, సీ మోటారుకి 400.

అడుగుల్లో చూస్తే నాకేమీ అనిపించలేదు. మనకి నేలంటే సెంట్లూ ఎకరాలే కదా, నలుచదరం వేసుకుని మార్చి చూశాను. ఏ మోటారుకి 23 సెంట్లు. బీకి 92 సెంట్లు. సీకి మూడెకరాల 67 సెంట్లు! ఈ రోజుల్లో నెల్లూరు చుట్టుపక్కల మూడెకరాల 67 సెంట్లు ఖాళీగా కనిపిస్తే సాయంత్రానికల్లా రాళ్లు పాతి, ఆర్చి కట్టి, ఏదో ఎన్‌క్లేవ్ అని పేరు పెట్టేస్తారు.

మిగతా రూల్స్ ఇంత కష్టమైనవి కావు. గాలి గంటకి 20 మైళ్లు దాటితే వదలకూడదు. అగ్గిపుల్లతో కాదు, వైరు పెట్టి దూరం నుంచి బటన్‌తో వెలిగించాలి, కనీసం 15 అడుగులు. వెలగకపోతే నిమిషం ఆగి గానీ దగ్గరికి పోకూడదు. కరెంటు తీగల మీద పడితే దాని మీద ఆశ వదులుకోవాలి. ఈ చివరిది మా పాపకి అస్సలు నచ్చలేదు. "కర్రతో తీసుకుంటే?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వద్దన్నాను. పట్టిక ఇచ్చిన లాభం అదొక్కటే అయినా చాలనిపించింది.

ఇంకో సంగతి. విమానాశ్రయం దగ్గరుంటే ఇంకా తలనొప్పులు. నెల్లూరుకి ఎయిర్‌పోర్టు రాలేదని ఇన్నేళ్లు అందరితో పాటు నేనూ సణిగాను. మొదటిసారి అది లాభంగా కనిపించింది.

ఖాళీ అనుకున్న చోట్లు

మొదట పెన్న. రంగనాయకులపేట వైపు దిగితే ఎండాకాలం ఇసుక తప్ప ఏముంది అనుకున్నాం. అప్పటికి మా దగ్గరున్నది నీళ్లతో ఎగిరే సీసా రాకెట్ ఒక్కటే. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, అట్ట రెక్కలు, మా పాప వేసిన గులాబీ రంగు. టేపుతో ఇసుక కొలుస్తుంటే బైకు మీద ఒకతను వచ్చి ఆగాడు.

"ఎవురన్నా మీరు? ఎవురు పంపించారు? డ్రోనా అది?"

ఇసుక ట్రాక్టర్లని ఫొటోలు తీయడానికి వచ్చామనుకున్నాడు. సీసా చేతికిస్తే ఊపి చూశాడు, మూత తీసి లోపలికి చూశాడు, కెమెరా లేదని తేలాక కూడా నమ్మలేదు. "పిల్లల్ని తోడు తెచ్చుకున్నావే, గట్టోడివే" అన్నాడు. మేం టేపు చుట్టేసుకుని వచ్చేశాం. నదిలో ఎగిరేదాన్ని చూసి భయపడేవాళ్లుంటారని ఏ భద్రతా నియమాల్లోనూ రాసి లేదు.

తరవాత మైపాడు. జనం ఉండే చోటు వదిలేసి బీచ్ వెంబడి చాలా దూరం నడిచాం. పొద్దున పూట గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. అప్పుడు పారాచూట్ విప్పుకుంటే రాకెట్ నీళ్లపాలు. కాస్త పొద్దెక్కాక గాలి తిరిగి సముద్రం మీద నుంచి ఊళ్లోకి వస్తుంది. అప్పుడు వదిలితే పాలెంలో గుడిసెల మీదికే. గాలి తిరిగే ఆ మధ్య అరగంట కోసం కాపు కాద్దామని నేను లెక్కలు వేస్తుంటే, వల బాగు చేసుకుంటున్న ఒకావిడ తలెత్తకుండానే అడిగింది. "పిల్లకాయలు ఆడుకుంటే మాకేంలే సార్. నిప్పురవ్వ వల మీద పడితే ఎవురిస్తారు?" నైలాన్ వల. రవ్వ పడితే ఎంత మేర పోతుందో నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

అక్కడి నుంచి వెనక్కి వస్తే అన్నీ రొయ్యల గుంటలు. ఏరేటర్లకి లాగిన కరెంటు తీగలు, పిట్టలు వాలకుండా గుంట మీద అడ్డంగా కట్టిన దారాలు. ఒక గుంట యజమానిని మాటవరసకి అడిగాను, మా రాకెట్ మీ గుంటలో పడితే దిగి తీసుకోవచ్చా అని. "దిగనివ్వను. మీ కాళ్లకి ఏ గుంట రోగం అంటుకుని ఉందో నాకేం తెలుసు? వైట్ స్పాట్ వస్తే నా పంట మొత్తం పోద్ది" అన్నాడు. కోపంగా కూడా కాదు, డాక్టరు చెప్పినట్టు చెప్పాడు.

ఈ ముగ్గురి మాటలూ విన్నాక "ఖాళీ స్థలాలకేం తక్కువ" అన్న నా మాట మీద నాకే సిగ్గేసింది. మ్యాపులో ఖాళీగా కనిపించేదంతా ఎవరి బతుకుదెరువో. 1969లో శ్రీహరికోటను ఎంచుకున్నప్పుడు ఆ దీవి కూడా ఖాళీగా లేదు. యానాదులుండేవాళ్లు. వాళ్లని అక్కడి నుంచి పంపించాకే అది రాకెట్ల చోటయింది. అంత పెద్ద పనికీ మా గులాబీ సీసాకీ పోలిక లేదు, నిజమే. కానీ చోటు ఎవరిదో అడగకుండా పైకి చూడటం మొదలుపెట్టే అలవాటు రెండింట్లోనూ ఉంది.

సరే అనే కుర్చీ

ఒక స్కూలు గ్రౌండ్ అడిగాను. హెడ్మాస్టరు మంచాయన. "నాకిష్టమే సార్, పైనుంచి ఒక లెటర్ తెప్పించండి చాలు" అన్నారు. పై ఆఫీసులో "ఇది లా అండ్ ఆర్డర్ కిందికొస్తుంది కదండీ" అన్నారు. స్టేషన్లో రైటర్ నా కాగితం రెండుసార్లు చదివి, "లోపల మందుందా?" అని అడిగాడు.

"ప్రస్తుతానికి నీళ్లే" అన్నాను.

"నీళ్లయితే మా దగ్గరికెందుకొచ్చారు? మందయితే మా దగ్గరికెట్టా వచ్చారు?" అన్నాడు నవ్వుతూ. దీనికంటే బాగా ఈ సమస్యని ఎవరూ చెప్పలేరు. ఫైర్ వాళ్లేమో బండి కావాలంటే రుసుము కట్టి పెట్టుకోవచ్చు గానీ అనుమతి తమ పని కాదన్నారు. ఎవరూ విసుక్కోలేదు, ఒకచోట టీ కూడా ఇచ్చారు. ఒక్కరు కసురుకున్నా వాళ్ల మీద కోపం తెచ్చుకుని ఊరుకునేవాణ్ని.

చట్టం సంగతికొస్తే, మందున్న మోటారు విషయంలో సందేహం లేదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద 2008 రూల్స్, చూసుకునేది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో అనే కేంద్ర సంస్థ. తయారు చేయాలన్నా, అమ్మాలన్నా, బయటి దేశం నుంచి తేవాలన్నా లైసెన్స్ కావాలి. అమెరికాలో ఉండే మా పిన్ని కొడుకు "నాలుగు మోటార్లు సూట్‌కేసులో పడేసుకొస్తా అన్నా" అన్నాడు. తుపాకి మందు, విమానంలో! ఫోన్లోనే చీవాట్లు పెట్టాను. వాళ్ల దేశంలో రాకెట్ బరువు 1,500 గ్రాములు, మందు 125 గ్రాములు మించకపోతే విమానయాన శాఖ పెద్దగా పట్టించుకోదు. ఆ లోపల ఉంటే ఆట, దాటితే పెద్ద వ్యవహారం. అలాంటి గీత మన రూల్స్‌లో నాకెక్కడా కనిపించలేదు. అందుకే పిల్లల మోటారుని కూడా క్వారీ సరుకుని చూసినట్టే చూడాల్సి వస్తోంది.

పైన ఎగిరేది కాబట్టి డ్రోన్ రూల్స్ చూడమన్నారు ఒకరు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ఆంక్షలు లేని చోట, 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. కానీ రాకెట్ డ్రోన్ కాదు. తమాషా ఏంటంటే 2024 చివరిదాకా అమల్లో ఉన్న 1934 నాటి విమాన చట్టంలో విమానం అన్న మాటకిచ్చిన నిర్వచనంలో గాలిపటం కూడా ఉండేది. ఆ లెక్కన సంక్రాంతికి మేడ మీద మనమందరం పైలట్లమే. ఆ 400 అడుగుల గీతని మాత్రం మాకు మేమే పెట్టుకున్నాం. సీ మోటారు పెడితే తేలికపాటి రాకెట్ వెయ్యి అడుగులు దాటగలదు కాబట్టి ఆ సీ సంగతే మర్చిపోయాం, మూడెకరాల 67 సెంట్లతో సహా.

మా లాయరు మిత్రుడిది ఇంకో వాదన. "నీళ్ల రాకెట్ వదలకూడదని ఎక్కడా రాసి లేదు. రాసి లేనిది నేరం కాదు. నువ్వు అడక్కుండా ఉంటే ఎవరూ కాదనరు. అడిగావు కాబట్టే కాదంటున్నారు." ఇందులో నిజం ఉంది, అందుకే చాలా రోజులు నన్ను వేధించింది. కానీ అడక్కపోతే నడిచిపోయేది ఏమీ జరగనంతవరకే. ఒక గడ్డివామి అంటుకున్న రోజున భారతీయ న్యాయ సంహితలో 287, 288 సెక్షన్లు ఉండనే ఉన్నాయి, నిప్పుతోనూ పేలుడు పదార్థంతోనూ నిర్లక్ష్యంగా ఉన్నందుకు. అప్పుడు అందరికీ రూల్ గుర్తొస్తుంది. పైగా పిల్లలు పక్కనే ఉండి వింటున్నారు. అడగకపోతే అంతా సులభం అని నా నోటితో వాళ్లకి నేర్పడం నాకిష్టం లేదు.

దీపావళికి లేని బాధ

ఇదంతా విని మా ఆవిడ ఒకటే మాట అంది. "దీపావళికి మన వీధిలో సీసాలో పెట్టి రాకెట్లు వదలట్లేదా? అవి ఎవరింట్లో దూరుతున్నాయో ఎవరైనా అడిగారా?"

అదీ అసలు పాయింటు. ప్రతి ఏడూ దీపావళికి ముందు ఊరూరా మైదానాల్లో టపాకాయల కొట్లు లేస్తాయి. వాటికి తాత్కాలిక లైసెన్సులిస్తారు. షెడ్డుకీ షెడ్డుకీ మధ్య 3 మీటర్లు, జనావాసాలకి 50 మీటర్ల దూరం, ఒకదానికొకటి ఎదురెదురుగా పెట్టకూడదు, ఒకచోట 50 కొట్లు మించకూడదు అని 2008 రూల్స్‌లోనే ఉంది. అంటే మందుకి కొన్ని రోజుల పాటు ఒక మైదానం కేటాయించడం, కొలతలు గీయడం, ఫైరు బండి నిలబెట్టడం మన యంత్రాంగానికి చేతకాని పని కాదు. అమ్మడం కోసం ఏటా చేస్తున్నదే.

అక్కడ అమ్మే రాకెట్‌కి ఒక పుల్ల తప్ప ఇంకేమీ లేదు. ఎటు పోతుందో దానికే తెలీదు, దిగడానికి పారాచూట్ లేదు, నిప్పుతోనే దిగుతుంది. దాన్ని ఎనిమిదేళ్ల పిల్లాడు అగరొత్తితో అంటించి పరిగెత్తచ్చు. కొలిచి, గాలి చూసి, 15 అడుగులు జరిగి బటన్ నొక్కే దానికి మాత్రం చోటు లేదు.

నేను అడుగుతున్నది ఇంతే. జిల్లాకొక మైదానం, ఏడాదికి రెండు ఆదివారాలు. ఏ మోటార్లు మాత్రమే. పట్టిక ప్రకారం 23 సెంట్లు చాలు, మనం ఎకరం తీసుకుందాం. మోటార్లు లైసెన్సున్న వాళ్ల దగ్గర్నుంచే రావాలి, పిల్లల చేతికి కాదు, ఒక బాధ్యుడి చేతికి. సైన్సు టీచర్లు దగ్గరుండాలి. ఇది కుదరని పని కూడా కాదు. 2025 అక్టోబరులో ఇన్‌స్పేస్ అనే కేంద్ర అంతరిక్ష సంస్థ కాలేజీ విద్యార్థులకి మోడల్ రాకెట్ పోటీ జరిపింది, ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో. 1971 నుంచీ రాకెట్ల చప్పుడు వింటున్నది మనం, పిల్ల రాకెట్లు ఎగిరింది అక్కడ. (2022లో జిల్లాలు విడగొట్టాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయిందని గుర్తు చేయొద్దు. ఆ బాధ వేరే.)

దీనికి గట్టి ఎదురుమాట ఒకటుంది. సంతకం పెట్టిన ఆఫీసరు సంగతేంటి? ఒక పిల్లకి చెయ్యి కాలితే మర్నాడు పేపర్లో వచ్చేది ఆయన పేరు. టపాకాయల కొట్టు కాలితే "రూల్ ప్రకారమే ఇచ్చాం" అని చూపించుకోవడానికి ఆయన దగ్గర కాగితం ఉంటుంది. దీనికి లేదు. అందుకే నాకు ఆఫీసర్ల మీద కంటే లేని ఆ కాగితం మీదే కోపం. ఇంకో ఎదురుమాట మళ్లీ మా ఆవిడదే. "బాత్రూములకి తలుపులు లేని బళ్లున్నాయి. నీకు రాకెట్ గ్రౌండ్ కావాలా?" దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రెండు ఆదివారాలకి కొత్తగా కట్టేదేమీ లేదు కదా అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు.

నా బొటనవేలు

మా అక్క కొడుక్కి పద్నాలుగేళ్లు. సీసా రాకెట్‌ని వాడు లెక్కలోకే తీసుకోడు. "పొగ రాదా మామా?" అని అడిగాడు మొదటి రోజే. వాడి ఫోన్లో వంటింటి సరుకులతో మోటారు ఎలా చేయాలో చూపించే వీడియోలున్నాయి. చూడొద్దని చెప్పాను, చూడడం మానేశాడని నేననుకోవట్లేదు.

నా కుడి బొటనవేలి గోరు సగం నుంచి వంకరగా పెరుగుతుంది. వాడి వయసులో నేను పేలని టపాకాయలన్నీ ఏరి, విప్పి, మందు పోగేసి, పాత టార్చిలైటు గొట్టంలో కూరాను. మేడ మీద, మధ్యాహ్నం, అమ్మ నిద్రపోతున్నప్పుడు. రాకెట్ లేవలేదు. గొట్టం చీలింది. కంటికి తగలనందుకు ఇప్పటికీ వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకుంటాను. ఆ వేలు మావాడికి చూపించాను. కాసేపు గోరు వంక చూసి, "గొట్టం ఇనుముదా, అల్యూమినియమా?" అన్నాడు. వాడికది ఇంజినీరింగ్ ప్రశ్న!

చోటు ఉండాలని నేను పట్టుబట్టేది ఎక్కువగా వీడి కోసమే. మా పాప నీళ్లతో సరిపెట్టుకుంటుంది. వీడు సరిపెట్టుకోడు. వీడికి మైదానం దొరక్కపోతే మేడ దొరుకుతుంది.

బావ పొలం

మా వీధిలో షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. నా తిరుగుళ్లన్నీ చెబితే నవ్వి, పీఎస్ఎల్వీ సంగతి చెప్పారు. ధ్రువాల మీదుగా తిరిగే ధ్రువకక్ష్యకి పోవాలంటే శ్రీహరికోట నుంచి తిన్నగా దక్షిణానికి పోవాలి. కింద శ్రీలంక ఉంది. దాని మీద నుంచి పోకూడదు కాబట్టి రాకెట్ ముందు ఆగ్నేయంగా వెళ్లి, తరవాత దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకి ఇంధనం ఖర్చు, ఆ మేరకి మోసే బరువు తగ్గుతుంది. చిన్న రాకెట్లకి ఆ నష్టం మరీ ఎక్కువని తమిళనాడులో కులశేఖరపట్నం దగ్గర రెండో కేంద్రానికి 2024లో శంకుస్థాపన చేశారు. "చోటు కోసం మేమే ఇన్ని తిప్పలు పడితే నీకు నాలుగు నెలలకే విసుగొచ్చిందా అబ్బయ్యా?" అన్నారు. రేంజ్ సేఫ్టీ అని అక్కడొక విభాగం ఉంటుందనీ, వాళ్లు ఒప్పుకోకపోతే ఎంత పెద్ద సైంటిస్టు ఉన్నా రాకెట్ కదలదనీ చెప్పారు. మా పాప ఆ మాట పట్టుకుంది.

సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి వచ్చాను. రసీదు ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది. అది తేలేదాకా మందు జోలికి పోకూడదని ఇంట్లో ఒప్పందం. ఈలోగా నీళ్ల రాకెట్‌కి కావలి అవతల మా బావ పొలం. ఎడగారు కోత అయిపోయింది, కొయ్యకాళ్లు తప్ప ఏమీ లేవు. బావ సరే అన్నా, చుట్టూ ఉన్న నాలుగు పొలాల వాళ్లనీ మా పాప పుస్తకం పట్టుకుని అడిగొచ్చింది. ముగ్గురు సరే అన్నారు. నాలుగో ఆయన "బర్రె ఈనేట్టుంది, ఈ వారం వద్దు" అన్నాడు. వారం ఆగాం.

ఆ తరవాతి ఆదివారం పొద్దున్నే సీసాలో మూడో వంతు నీళ్లు పోసి, బోర్లించి, సైకిల్ పంపుతో గాలి కొట్టాం. అల్లుడు పంపు దగ్గర, నేను తాడు దగ్గర, పాప రేంజ్ సేఫ్టీ. మీటరు 60కి వచ్చింది. ఐదు, నాలుగు, మూడు.

"ఆగండి!"

గట్టు మీద ఒక ముసలాయన సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నాడు. మమ్మల్ని చూసి నిలబడ్డాడు. పాప చెయ్యి పైకెత్తి, "తాతా, కొంచెం ఆ వేపచెట్టు దగ్గరికి వెళ్తారా?" అంది. ఆయన సైకిల్ స్టాండు వేశాడు. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "ఏందమ్మా అది?" అన్నాడు. పాప చెప్పింది. "పైకి పోద్దా? ఎందుకు?" అన్నాడు. అదీ చెప్పింది. బిరడా పక్క నుంచి నీళ్లు సన్నగా కారుతున్నాయి. మీటరు 50కి దిగింది. మా అల్లుడు పళ్లు కొరుకుతూ "మామా, లాగెయ్ మామా" అంటున్నాడు. ఆయన చెట్టు దగ్గరికి వెళ్లి, అక్కడ బాగా కనపడదని రెండడుగులు ముందుకొచ్చి, పాప కళ్లెర్ర చేస్తే మళ్లీ వెనక్కి వెళ్లి బీడీ తీశాడు. దాన్ని కూడా ఆర్పించింది.

35 మీద వదిలాం. తాటిచెట్టంత కూడా లేవలేదు.

"అంతేనా?" అన్నాడు తాత.

పాప పుస్తకంలో తేదీ, గాలి, ప్రెషర్ అన్నీ రాసింది. కింద ఇంకో వరుస గీసి రాసుకుంది: "ఆలస్యానికి కారణం: తాత."